నాలుగో బోల్టు

కాశీబుగ్గలో, జీడిపిక్కల బట్టీల వెనక,
దుర్యోధన షెడ్డులో
బానెట్ ఎత్తుకుని నిలబడింది నా అంబాసిడర్.
పొద్దున్నే హరిపురం దాటాక ఆవిరి కక్కింది.
సూది ఎర్రగీత ఎక్కడం నేను చూడలేదు,
అద్దంలో గున్నమ్మ మొహం చూస్తున్నాను,
ఎంత ఉబ్బిందా అని.

ఫ్యాన్ రెక్క పట్టుకుని ఊపాడు దుర్యోధన.
కదిలే పన్నులా ఊగింది.
"వాటర్ పంపు పోయినాది బావూ."

గున్నమ్మని ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపేశాను.
అక్కడ ఆమె నెత్తురు
నాలుగ్గంటలు మెషీన్లో తిరగాలి.

కొత్త పంపు బరంపురం నుంచి బస్సులో వచ్చింది
ఒడియా పేపరు చుట్టుకుని.
కొత్తది రావడానికేం, వస్తుంది.
పాతది పోదు.

ఫ్యాన్ ఊడింది, బెల్టు ఊడింది,
మూడు బోల్టులు గొణుక్కుంటూ వచ్చేశాయి.
నాలుగోది డైనమో కింద,
వేలికి తగులుతుంది, కంటికి ఆనదు.
ససేమిరా అంది.

డీజిల్ పోసి ఓ గంట నానబెట్టాడు.
లోపల పసిబిడ్డ పడుకున్న ఇంటి తలుపులా
సుత్తితో మెల్లగా తట్టాడు.
జగ్గులు ఉండబట్టలేక
రింగు స్పానరుకి ఇనప గొట్టం తొడిగాడు.
"ఒగ్గీరా గుంటడా!
తల ఇరిగిందంటే ఇంజను దించాల, మీ బాబొస్తాడేటి?"

తర్వాత ఆయన చేసింది నాకు వింతగా తోచింది.
విప్పాల్సినదాన్ని బిగించాడు.
వెంట్రుకవాసి. ఇంకో వెంట్రుకవాసి.
అప్పుడు వెనక్కి.
కిర్రుమంది.
ముగ్గురం ఊపిరి వదిలాం.

పంపు చేతిలోకొచ్చింది.
లోపలి రెక్కలు సగం లేవు.
ఉన్న సగం మీద తెల్లటి పెచ్చు,
కాగు అడుగున కట్టినట్టు, గోటికి లేవనంత గట్టిగా.
"ఏ నీళ్లు పోస్తన్నావు?"
"మా ఊరి బోరువే."
"ఎన్నాళ్లబట్టీ?"
"కొన్న దగ్గర్నుంచీ."
ఆయనింకేం అడగలేదు.
బట్టీల పొగ షెడ్డులోకొచ్చి
మా ఇద్దరి కళ్లూ మండించి పోయింది.

గున్నమ్మ సాయంత్రం ఆటో దిగింది.
చేతికి పట్టీ, పట్టీ కింద తాడులా లేచిన నరం.
బస్సుందమ్మా అంటే
"వచ్చిన బండిలోనే పోతాను" అని
పాత టైరు మీద కూచుంది.

జగ్గులు అట్ట మీద పంపు పెట్టి
గుండు సుత్తితో అంచు చుట్టూ కొట్టి గాస్కెట్ కోశాడు.
నాలుగో బోల్టుకి కొత్తది వేసి
పాతదాన్ని నా అరచేతిలో పెట్టాడు దుర్యోధన,
బారసాలకి చిల్లర పెట్టినట్టు.
"ఇక మీదట డబ్బా నీళ్లే పొయ్యి."

పచ్చటి కూలెంట్ కలిపి మగ్గుతో పోస్తుంటే
రేడియేటరు గుటగుటా తాగింది.
గున్నమ్మ రెప్ప వేయకుండా చూసింది.
"ఎంత పడతాదేటి దీనికి?"
"ఎనిమిది లీటర్లమ్మా."
"నాకు రోజుకి మూడు గ్లాసులే అన్నాది నర్సమ్మ"
అని నవ్వింది.
దుర్యోధన చేతిలో మగ్గు
పోయడం మర్చిపోయింది కాసేపు.

డబ్బులు సగమే తీసుకున్నాడు.
మిగతాది జీడి సీజనులో అన్నాడు,
నాకు జీడితోట లేదని తెలిసీ.

చీకట్లో మందస రోడ్డు.
వెనక సీట్లోంచి ముందుకి వంగి అడిగింది:
"సూది ఏ పక్కనున్నాది?"
"మద్దిలో."
కాసేపాగి మళ్లీ.
"ఇప్పుడో?"
"మద్దిలోనే అమ్మా."

మూడోసారి అడగలేదు, నిద్రపోయింది.
డాష్‌బోర్డు గూట్లో పాత బోల్టు
ప్రతి గొయ్యికీ
అటు దొర్లి, ఇటు దొర్లి.